నల్లమట్టి నుంచి చిత్రకారుడి నలుపు: రేగడితో, వాగు ఇసుకతో రంగు చేసుకునే పద్ధతి

మన ఇళ్లలో ఎరుపు కావాలంటే జాజు, తెలుపు కావాలంటే సుద్ద మట్టిలోంచే తెచ్చుకున్నారు గానీ, నలుపు కోసం గడ్డపార పట్టవలసిన అవసరం ఎవరికీ పెద్దగా రాలేదు. ఆముదం దీపం మీద మూకుడు బోర్లిస్తే కాటుక వచ్చేది. పొయ్యి మీది కుండ అడుగున మసి ఉండనే ఉండేది. చేర్యాల నకాషీ చిత్రకారులు సైతం నలుపును దీపపు మసి నుంచే తీసేవారు. మసి నలుపు చాలా గాఢమైనది, కానీ కాగితం మీద చదునుగా, ఎక్కడ చూసినా ఒకే తీరుగా పరుచుకుంటుంది. మట్టి నలుపులో కొంచెం గోధుమ ఛాయ, కొంచెం గరుకు ఉంటాయి. మన గుట్టల, చెలకల, ఎండిన చెరువుల బొమ్మలు వేసేవారికి ఆ గరుకే కావాలి. దక్షిణ తెలంగాణలో దొరికే వస్తువులతోనే ఆ నలుపును ఎలా చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట ఒక విషయం మనసులో పెట్టుకోండి. కంటికి నల్లగా కనిపించిందల్లా పొడి చేసిన తరువాత నల్లగా ఉండదు. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో బ్లాక్ గ్రానైటు పలకలు పాలిష్ చేసే ఒక చోట అడిగి, బక్కెట్టు నిండా రాతి బురద తెచ్చుకున్నాను. పలక అద్దంలా నల్లగా మెరుస్తున్నది కదా, దాని పొడి కూడా నల్లగానే ఉంటుందనుకున్నాను. ఎండిన తరువాత చూస్తే అది సిమెంటు రంగు. మహబూబ్‌నగర్, నల్గొండ గ్రానైటు నేలను చీల్చుకుంటూ గుట్టల వరుసల్లా సాగే నల్లరాతి కట్టలు చాలావరకు డోలరైటు అనే రాయివే; బ్లాక్ గ్రానైటు పేరుతో పలకలయ్యేదీ ఎక్కువగా ఇలాంటి రాయే. ఆ రాతిలో నిజంగా నల్లటి ఖనిజం కొద్దిపాటిదే. మిగిలినదంతా మెత్తగా నూరేకొద్దీ పాలిపోయే ఖనిజాలు.

రెండవ మోసం చెరువుది. ఒక వేసవిలో మా కుంట ఎండుతున్నప్పుడు అడుగు బురద బొగ్గులా నల్లగా కనిపిస్తే డబ్బా నిండా నింపుకొని వచ్చి, పళ్లెంలో పరిచి పడుకున్నాను. తెల్లవారేసరికి పైపొరంతా బూడిద రంగులోకి తిరిగింది, వేలితో గీస్తే లోపల మాత్రం ఇంకా నలుపే ఉంది. గాలి సోకని బురదలో ఇనుము గంధకంతో కలిసి నల్లటి సల్ఫైడుగా ఉంటుంది, గాలి తగలగానే అది విరిగిపోతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైన తరువాత చెరువుల పూడిక మట్టి చేలకు విరివిగా తోలారు. ఆ మట్టి చేలో పడ్డ కొన్నాళ్లకే రంగు మారడం రైతులకు తెలిసిన సంగతే. కాబట్టి చెరువు మట్టిని కనీసం వారం రోజులు పలుచగా ఆరబెట్టి, మిగిలిన రంగు చూసిన తరువాతే దానితో పని పెట్టుకోండి.

ఇంటి దగ్గర చేసుకోగల పరీక్షలు

రాయి గానీ, గట్టి గడ్డ గానీ దొరికితే గోడకు వేసే టైలు తీసుకొని, దాని వెనక నునుపు లేని వైపున గట్టిగా గీయండి. రాయి పైరంగు ఏదైనా సరే, టైలు మీద పడిన గీత రంగే మీకు దక్కే రంగు. నల్లగా మెరుస్తూ ఎర్రటి గీత గీసేది హెమటైట్, పసుపు కలిసిన గోధుమ గీత గీసేది గోథైట్ (రెండూ ఇనుప ఖనిజాలే), నల్లటి గీత గీసేది అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజమైన మాగ్నటైట్ గానీ మాంగనీసు ఖనిజం గానీ కావచ్చు. బూడిద గీత గీసిన రాయిని అక్కడే పారేయండి.

మట్టి అయితే ఒక చెంచాడు పొడిని పాత ఇనుప గరిటెలో వేసి, గరిటె ఎర్రబడేదాకా పావుగంట కాల్చండి. మట్టి ఎర్రగానో గోధుమ రంగుగానో మారితే దాని నలుపులో ఎక్కువ పాలు కుళ్లిన ఆకు అలముల వల్ల వచ్చినది కావచ్చు. నలుపు చాలావరకు నిలిస్తే అది ఖనిజపు నలుపు. ఇంకొక చెంచాడు మట్టిని చాకలి సోడా కలిపిన నీటిలో వేసి రాత్రంతా ఉంచండి. పైన తేరిన నీరు టీ డికాషన్ రంగుకు వస్తే ఆ మట్టిలో క్షారానికి కరిగే సేంద్రియ పదార్థం ఉన్నట్లు. అలాంటి మట్టిని తడి సున్నం గోడ మీద వాడకూడదు, గోధుమ మరకలు ఊరతాయి. నిమ్మరసం చుక్క వేస్తే బుస్సుమని పొంగితే సున్నపు గులకలు ఉన్నాయి. మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు చుక్కకు ఉన్నట్టుండి ఉద్ధృతంగా నురగ కడితే మాంగనీసు ఉండవచ్చు. దాని ధూళి పీల్చడం నాడులకు హాని కనుక, పొడిగా ఉన్నప్పుడు ముట్టుకోకుండా తడిగానే నూరాలి.

ఎక్కడ తేవాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి మట్టి గానీ, రాయి గానీ తేకండి. పెద్దరాతి సమాధులు, బూడిద దిబ్బలు వంటి ప్రాచీన అవశేషాలు ఉన్న చోట పిడికెడు మట్టి కూడా తవ్వకండి. ఉట్నూరు బూడిద దిబ్బ వంటివి నలుపు కోసం కావు. యురేనియం నిక్షేపాలున్న లంబాపూర్, పెద్దగట్టు వైపు నల్లరాళ్లను పొడి చేసే ప్రయత్నం వద్దు. హైదరాబాదు మురుగును మోసుకొచ్చే మూసీ ఇసుక జోలికి కూడా పోవద్దు. సొంత చేను, తెలిసినవారి చేను, ఊరి వాగు మీకు చాలు.

నల్లరేగడి

ఆలంపూర్, గద్వాల, మక్తల్ వైపు కృష్ణా తుంగభద్రల దగ్గరి రేగళ్లను వాన వెలిసిన మరునాడు చూసినవారు ఇంతకంటే నల్లటి మట్టి ఉండదనుకుంటారు. అయితే ఆ నలుపులో సగం తడిది. ఎండితే రేగడి ముదురు బూడిద రంగే. మన నల్లరేగళ్లలో సేంద్రియ కర్బనం సాధారణంగా నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఆ కాస్త కర్బనం బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొని ఉండడం, టైటానియం కలిసిన మాగ్నటైట్ నలుసులు చెదిరి ఉండడం వల్ల ఆ రంగు వస్తుంది. కనుక రేగడి నుంచి కటిక నలుపును ఆశించకండి. పలుచగా పూసే వెచ్చని బూడిద నలుపుకు మాత్రం అది చాలా మంచి సరుకు.

రేగడిలోని అసలు చిక్కు రంగు కాదు, పగులు. వేసవిలో చేలో చెయ్యి దూరేంత నెర్రెలు ఇచ్చే మట్టి కాగితం మీద కూడా నెర్రెలిస్తుంది. ఈ మట్టిలోని స్మెక్టైట్ అనే బంకమట్టి నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. అందువల్ల మామూలు మట్టిరంగులకు చెప్పే సలహా, అంటే అన్నిటికంటే సన్నని పై మడ్డినే వాడమనేది, రేగడికి సరిపోదు. ఆ సన్నని భాగంలోనే ఉబ్బే గుణం ఎక్కువ.

పని ఇలా సాగాలి. అడుగు లోతు నుంచి తీసిన మట్టిని పూర్తిగా ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, వేర్లు, గులకలు పోయేలా జల్లించండి. ఎండిన మట్టిని నీళ్లలో వేస్తే తనంతట తాను విచ్చుకుంటుంది. తడి మట్టిని వేస్తే ఉండలు ఉండలుగానే మిగులుతుంది. ఒక వంతు మట్టికి పది వంతుల నీరు పోసి రాత్రంతా నానబెట్టండి. ఇక్కడ నీటి సంగతి చెప్పాలి. ఉప్పులు ఎక్కువగా ఉన్న బోరు నీటిలో బంకమట్టి గుంపులు కట్టి, సన్నదీ ముతకదీ కలిసి ఒక్కసారే కిందికి దిగిపోతుంది. వేరు చేయడానికి ఏమీ మిగలదు. పైగా రంగు ఎండిన తరువాత ఆ ఉప్పే తెల్లటి పూతలా పైకి తేలుతుంది. వాన నీరు పట్టుకోవడం ఉత్తమం. లేదంటే ఫ్లోరైడు పుణ్యమా అని నల్గొండ వైపు చాలా ఊళ్లలో ప్యూరిఫైడ్ వాటర్ ప్లాంట్లు ఉన్నాయి కదా, ఒక క్యాను తెచ్చుకోండి.

నానిన మట్టిని బాగా కలిపి, నీటి లోతు 10 సెంటీమీటర్లు ఉండేలా గాజు సీసాలో పోయండి. ఒక్క నిమిషం ఆగితే ఇసుక అడుగుకు చేరుతుంది; పైదంతా రెండో సీసాలోకి వంచుకోండి. అందులో అయిదు నిమిషాలు ఆగితే ముతక ఒండ్రు దిగుతుంది. పైదాన్ని మూడో సీసాలోకి వంచండి. మూడో సీసాను కదపకుండా ఎనిమిది గంటలు వదిలేయండి. ఆ సమయానికి రెండు మైక్రాన్ల కంటే పెద్ద రేణువులన్నీ అడుగున పేరుకుంటాయి, ఇంకా తేలుతున్న మబ్బంతా ఉబ్బే బంకమట్టి. అడుగు మడ్డిని రంగుకు పెట్టుకోండి. మబ్బు నీటిని పారబోయకుండా చిటికెడు పటిక వేసి దించి, విడిగా ఎండబెట్టుకోండి. అది కొంచెం నల్లగా ఉంటుంది, జిగట ఎక్కువ. మొదటిదానిలో అయిదింట ఒక వంతు వరకు కలిపితే నలుపు పెరుగుతుంది, పగులు రాదు. అంతకు మించి కలిపినప్పుడల్లా నాకు పగిలింది.

వాగులోని నల్ల ఇసుక

నా అభిప్రాయంలో దక్షిణ తెలంగాణ చిత్రకారుడికి దొరికే అసలైన మట్టి నలుపు ఇదే. వానాకాలం వెళ్లిన తరువాత దుందుభి వాగులో గానీ, మీ ఊరి పెద్దవాగులో గానీ నడిచి వెళ్లండి. వాగు వంపు తిరిగే చోట లోపలి వైపున, పెద్ద బండరాళ్ల వెనక, తెల్లటి ఇసుక మీద కాటుక గీతల్లా నల్లటి చారలు కనిపిస్తాయి. గ్రానైటు, డోలరైటు అరిగి కొట్టుకొచ్చిన ఇసుకలో బరువైన ఖనిజాలను నీరే ఏరి ఒక చోట పెట్టిన చారలవి. ఆ నల్ల రేణువుల్లో ముఖ్యమైన మాగ్నటైట్ మామూలు ఇసుక కంటే దాదాపు రెండింతల బరువు. నీరు నెమ్మదించిన చోట అది ముందు ఆగిపోతుంది, తేలిక ఇసుక ముందుకు పోతుంది.

పాడైన స్పీకరులోని అయస్కాంతాన్ని విప్పి, మందపాటి పాలిథీన్ కవరులో వేసి ముడి కట్టండి. కవరు లేకుండా నేరుగా ఇసుకలో పెడితే ఆ నలుసులు అయస్కాంతాన్ని పట్టుకొని జన్మకు వదలవు. ఎండిన ఇసుక మీద కవరును తిప్పితే నల్లటి మీసాల్లా రేణువులు నిక్కబొడుచుకొని అంటుకుంటాయి. పళ్లెం మీదికి తెచ్చి, కవరులోంచి అయస్కాంతాన్ని పైకి లాగితే అన్నీ జలజల రాలిపోతాయి. మొదటిసారి రాలినదానిలో తెల్ల ఇసుక కూడా ఇరుక్కొని వస్తుంది. దాన్ని పరిచి మళ్లీ తిప్పండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే బూరుగు గింజల్లా కటిక నల్లటి పొడి మిగులుతుంది. చివరి రెండు సార్లు నీటిలోనే చేస్తే ఇంకా శుభ్రంగా వస్తుంది. ఒక బొమ్మకు నాలుగు చెంచాలు చాలు. బక్కెట్లతో ఇసుక ఎత్తుకురావలసిన పని లేదు.

నూరడానికి సన్నికల్లు వద్దు. మాగ్నటైట్ గట్టిదనం రాతికి దగ్గరగా ఉంటుంది కనుక కల్లే అరిగి, బూడిద రంగు పొడి కలుస్తుంది. ఇనుప దంచుడు రోట్లో నూరితే ఇనుప రజను తుప్పు పట్టి గోధుమ ఛాయ తెస్తుంది. ప్రయోగశాల సామాను అమ్మే దుకాణంలో దొరికే పింగాణి కలువం తెచ్చుకోండి. కొంచెం నీళ్లు పోసి, ఎప్పుడూ తడిగానే, ఒక్కసారికి ఒక చెంచాకు మించకుండా నూరండి. మొదట గరగర చప్పుడు గట్టిగా ఉంటుంది, అరగంటకు అది సన్నగిల్లి, నూరుతున్నది బంకలా సాగినట్టు తోస్తుంది. ఒక బొట్టును గాజు ముక్క మీద వేసి గోటితో రాసి చూడండి. గోటికి ఏ గరుకూ తగలకుండా పోతే అయిపోయినట్టు. తరువాత 10 సెంటీమీటర్ల నీటిలో కలిపి రెండు నిమిషాలు ఆగి, పైదాన్ని వంచుకోండి. అడుగున మిగిలినదాన్ని మళ్లీ నూరండి. ఆరబెట్టేటప్పుడు పొయ్యి మీద పెట్టకుండా నీడలోనే ఉంచండి, ఎందుకంటే సన్నని మాగ్నటైట్ పొడి వేడికి గోధుమ రంగుకు, ఇంకా కాలితే హెమటైట్ ఎరుపుకు తిరుగుతుంది.

నీటిరంగుగా వాడినప్పుడు ఈ నలుపు కాగితపు గుంటల్లో పేరుకొని, ఉప్పు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా ఆగుతుంది. దుకాణంలో ట్యూబు మీద పీబీకే 11 అనే రంగు సంకేతం ఉంటే అది ఈ కుటుంబపు రంగే, కాకపోతే కర్మాగారంలో తయారైనది.

మూసిన గురిగిలో కాల్చిన రేగడి

రేగడి పగులు గుణాన్ని పోగొట్టి, నలుపును పెంచే పద్ధతి ఒకటి ఉంది. అది కుమ్మరి ఆవంలో ఉన్నదే. మన ప్రాంతపు పెద్దరాతి సమాధుల్లో దొరికే ఇనుప యుగపు కుండలు లోపల, అంచున నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. గాలి తగిలిన చోట ఇనుము ఎర్రబడింది, గాలి ఆడక పొగ కమ్మిన చోట నల్లబడింది. అదే మట్టి, అదే మంట. తేడా అంతా గాలిది.

శుభ్రం చేసి బాగా ఎండబెట్టిన రేగడి పొడి నాలుగు వంతులకు ఒక వంతు తౌడు గానీ, ఆముదపు పిండి చెక్క పొడి గానీ కలపండి. పొడిలో ఏ మాత్రం తడి ఉన్నా ఆవిరికి గురిగి (చిన్న మట్టిపాత్ర) పగులుతుంది కనుక ముందురోజంతా ఎండలో పెట్టండి. గురిగిలో అంచుదాకా అదిమి నింపి, మూత పెట్టి, చుట్టూ పుట్టమన్నుతో మెత్తండి. రేగడితో మెత్తితే అది నెర్రెలిచ్చి గాలి దూరుతుంది. మూతలో సూది దూరేంత రంధ్రం ఒకటి ఉంచండి. ఆరుబయట పిడకలు పేర్చి, మధ్యలో గురిగి పెట్టి, పైన కూడా పిడకలు కప్పి అంటించండి. కొంతసేపటికి ఆ రంధ్రం దగ్గర చిన్న మంట నాలుకలా ఆడుతుంది. అది లోపలి వాయువు. మంట ఆగిన తరువాత పొడవాటి కర్రతో మట్టి ముద్ద ఆనించి రంధ్రాన్ని మూసి, మరో గంట నిప్పుల్లో ఉంచండి. మర్నాడు ఉదయం వరకు ముట్టుకోవద్దు. తొందరపడి వేడిగా ఉండగా మూత తీస్తే లోపలి బొగ్గు అంటుకొని, పైపొర మీ కళ్లముందే ఇటుక రంగుకు తిరుగుతుంది.

చల్లారిన పొడిని రెండు మూడు నీళ్లలో కడిగి, కలువంలో నూరి, రేగడికి చెప్పినట్టే తేర్చుకోండి. కాలడంతో ఉబ్బే గుణం పోయింది కనుక ఈసారి సన్నని మడ్డిని పారేయవలసిన పని లేదు, అంతా పనికివస్తుంది.

బంక, నూనె, గోడ

నీటిరంగుకు తుమ్మబంక వాడండి. నల్లమలలో చెంచులు సేకరించే తపసి బంక నీటిలో ఉబ్బి జెల్లీలా నిలుస్తుందే గానీ పూర్తిగా కరగదు, అందువల్ల రంగుకు సరిపడదు. ఒక వంతు తుమ్మబంకకు రెండు వంతుల వేడినీరు పోసి, రాత్రంతా ఉంచి, పలుచని బట్టతో వడగట్టండి. అందులో అయిదో వంతు తేనె, సీసాకు ఒక చుక్క లవంగనూనె కలపండి. తేనె లేకపోతే రంగు బిళ్ల పగులుతుంది. లవంగనూనె లేకపోతే మూడో రోజుకే బూజు పడుతుంది. గాజు పలక మీద రంగుపొడిని, బంకనీటిని సమానంగా పోసుకొని, బరువైన గాజు పొత్రంతో గుండ్రంగా నూరండి. కాగితం మీద పూసి, ఆరిన తరువాత వేలితో రుద్దండి. వేలికి నలుపు అంటితే బంక చాలలేదు. పూత మెరుస్తూ పెళుసుబారితే ఎక్కువైంది.

తైలవర్ణానికి పల్లీ, నువ్వుల నూనెలు ఆరవు. మన జిల్లాల ఆముదం ఎంత విరివిగా దొరికినా అదీ అంతే. అవిసె నూనె శ్రేష్ఠం. కుసుమ నూనె కూడా ఆరుతుంది, కానీ నిదానంగా. మాంగనీసు ఉన్న మట్టి నూనెను త్వరగా ఆరనిస్తుంది. మసి, బొగ్గు ఉన్న నలుపు ఆలస్యం చేస్తుంది. కనుక గురిగిలో కాల్చిన రేగడితో పూసిన పొర మీద మరో పొర వేయడానికి తొందరపడకండి. తడి సున్నం గోడకైతే మాగ్నటైట్ నమ్మకమైనది.

పొడి ఎండిన తరువాత దాన్ని సీసాలోకి ఎత్తేటప్పుడు తప్పనిసరిగా ఎన్95 మాస్కు పెట్టుకోండి. రాతి, మట్టి పొడుల్లోని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఫ్యాను ఆపి, కింద తడిగుడ్డ పరచండి, చీపురుతో ఊడ్వకండి. వంటకు వాడే గిన్నె, జల్లెడ ఈ పనికి వాడవద్దు.

ప్రతి సీసా మీద మట్టి తెచ్చిన చోటు, నెల, ఎన్ని నిమిషాలకు వంచినది రాసి అంటించండి. అదే రంగును మందపాటి కాగితం మీద ఒకసారి చిక్కగా, ఒకసారి పలుచగా పూసి, సగం నల్లకాగితంతో కప్పి దక్షిణం వైపు కిటికీకి అతికించండి. వచ్చే వానాకాలానికి కప్పు విప్పి రెండు సగాలనూ పక్కపక్కన చూసి, తేడా కనిపించిన సీసాను అమ్మే బొమ్మలకు వాడకుండా పక్కన పెట్టండి.